పదో సీసాలో నీళ్ళు

“మూత తెరిచి ఉండెనా, పెట్టి ఉండెనా? ఒక్క మాట చెప్పు.”

జ్యోతిరాణి అదే ప్రశ్న మూడోసారి అడిగింది. వాల్వులు తిప్పే హన్మండ్లు మూడోసారి కూడా తలెత్తలేదు.

“పోలీసోల్లకు సెప్పిన గదా. రాసుకున్నరు. దస్తకత్ గూడ వెట్టిన. మల్ల నీకెందుకు సెప్పాలె?”

“పోలీసోళ్ళకు అబద్ధం చెప్పినవ్ గనక.”

హన్మండ్లు చేతిలోని గడ్డపారను పక్కకు జరిపాడు. ఆమె అది చూసింది, చూసినట్టు అతనికి తెలియనిచ్చింది కూడా.

రెండు రోజుల కింద, గురువారం పొద్దున, బోధన్‌లో పాత షుగర్ ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనక ఈ గల్లీ చివర, ఈ వాల్వు గుంతలోనే రాందాస్ శవమై దొరికాడు. రాష్ట్రంలోని పట్టణాల నల్లా నీళ్ళను పోల్చి, ఏ ఊరివి ఎంత మంచివో తేల్చే సర్వే ఒకటి నడుస్తోంది. నిజామాబాద్, బోధన్‌లలో నమూనాలు పట్టే పని రాందాస్‌ది. ఊరికి పది నల్లాలు, పది సీసాలు. ఆ రోజు అతని పదో నల్లా ఈ గల్లీలోది. సీసాలు పదీ, గుంత పక్కనే దొరికిన ఐస్‌పెట్టెలో, హైదరాబాద్ ల్యాబుకు చేరాయి. పదింటి నీళ్ళూ భేషుగ్గా ఉన్నాయని తేలింది. సోమవారం ఫలితాలు చెబుతారు. రాష్ట్రంలో బోధనే ఫస్టని ఊరంతా అప్పుడే చాటుకుంటోంది. అలాంటప్పుడు హత్య అనే మాట ఎవరికి రుచిస్తుంది? గాలి ఆడని గుంతలో దిగి ఊపిరాడక చచ్చిపోయాడని రాసి పోలీసులు కేసు మూసేశారు.

ఒప్పుకోనిది రాందాస్ అక్క విమలమ్మ ఒక్కతే. భీమ్‌గల్‌లో తల్లి దగ్గర ఉండగా ఆమెకు కబురు తెలిసింది. నిన్న నిజామాబాద్‌లో జ్యోతిరాణి ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసుకొచ్చి, కుర్చీలో కూడా కూర్చోకుండా చెప్పింది: “గసొంటి గుంతలల్ల దిగొద్దని మా తమ్ముడు మందికి బుద్ధి చెప్పెటోడు మేడం. వాడెట్ల దిగుతడు?”

ఆ ఒక్క మాట మీదే జ్యోతిరాణి కేసు తీసుకుంది. పద్నాలుగేళ్ళు పోలీసు శాఖ వేలిముద్రల విభాగంలో పనిచేసి, పై అధికారికి నచ్చని సాక్ష్యం కోర్టులో ఉన్నదున్నట్టు చెప్పి, ఆ ఉద్యోగం వదులుకున్న మనిషి ఆమె.

“వీనితోటి మాటలేంది మేడం? నాకొదిలిపెట్టుండ్రి. రెండు తగిలిస్తె గడగడ చెప్తడు.”

ఆ మాటన్నది విమలమ్మ భర్త రాజేశ్వర్. చెరుకు లారీల ఓనరు. ఆటోలు, బస్సులు పట్టుకుని తిరగడం ఎందుకంటూ పొద్దున్నే తన కారులో జ్యోతిరాణిని నిజామాబాద్ నుంచి తీసుకొచ్చాడు. బావమరిది పోయిన బాధ కళ్ళలో ఎర్రగా ఉంది. వచ్చినప్పటినుంచీ హన్మండ్లు మీదికి రెండుసార్లు చేయెత్తాడు.

“మీరు కారు దగ్గర ఉండుండ్రి,” అంది జ్యోతిరాణి. అతను కదల్లేదు. ఆమె చూపు తిప్పలేదు. గొణుక్కుంటూ వెళ్ళాడు.

ఆమె హన్మండ్లు ఎదురుగా గొంతుక్కూర్చుంది. “సూడన్నా. గల్లీకి నీళ్ళు ఎన్నింటికి ఇడిసినవ్?”

“ఆరున్నరకు.”

“బంద్ చేసింది?”

“ఏడూ ఇరవైకి.”

“బంద్ చేసినప్పుడు గుంతల ఎవ్వలన్నా ఉండిరా?”

“ఎవ్వల్లేరు. పైనుంచే రాడుతోటి తిప్పిన. లోపటికి దిగుడుండదు.”

“తిప్పినంక?”

జ్యోతిరాణి గొంతు తగ్గించింది. “ఎనిమిదీ నలభైకి శవాన్ని చూసింది నువ్వే. మూత తెరిచి ఉండె, అందుకే పడ్డడని రాయించినవ్. అంటె తప్పు నీదే అయితది. ఉద్యోగం పోతది. ఎరికుండి ఎవడన్నా తన మెడకు తానే ఉరేసుకుంటడా? దానికన్నా పెద్ద భయమేదో ఉంది నీకు.”

హన్మండ్లు మూత వైపు చూశాడు. “మూత వెట్టిన,” అన్నాడు చివరికి. “పెట్టి, కాలుతోటి తన్ని సూసిన గూడ. మల్లొచ్చేసరికి పక్కకున్నది. పెట్టిన అని సెప్తె, మరి తీసిందెవడు అంటరు. ఈ మూత గడ్డపార లేకుంట లేవది. గీ సుట్టుపక్కల గడ్డపార నా దగ్గర్నే ఉంటది. ఇంకేం జెయ్యాలె నేను?”

“మూత తియ్యి.”

హన్మండ్లు ఇనుప మూత తూర్పు అంచున ఉన్న గాడిలో గడ్డపార మొన దూర్చి ఒక్క ఊపున లేపాడు. ఏళ్ళ తరబడి అక్కడే దూర్చి దూర్చి ఆ గాడి నున్నగా అరిగిపోయింది. జ్యోతిరాణి మూత చుట్టూ తిరిగింది. పడమటి అంచున సిమెంటు పెచ్చు లేచి ఉంది. ఇనుము మీద మూడు కొత్త గీతలు. తుప్పు పట్టడానికి ఇంకా సమయం దొరకని తెల్లటి గీతలు. గాడి ఎక్కడుందో తెలియనివాడు ఇటునుంచి పెనుగులాడాడు.

గుంతలో మోకాలి లోతు ఊటనీళ్ళు, తేటగా ఉన్నాయి. మూత లోపలి అంచుకు మాత్రం అరచేయంత మేర నల్లటి మరక అంటి ఉంది. దాని మీదికి బారులు తీరి చీమలు.

“శవాన్ని తీసినప్పుడు గూడ చీమలుండెనా?”

“ప్యాంటు నిండ అవ్వే. నీళ్ళల్ల మునగని కాడల్ల. మాకు గూడ కరిసినయ్.”

ఆమె మరకను గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకుంది. పుల్లబడిన బెల్లం వాసన. మొలాసిస్. చక్కెర తీశాక మిగిలే నల్లటి మడ్డి. తేటనీళ్ళ గుంతలో పడి చచ్చినవాడి ప్యాంటుకు మడ్డి ఎక్కడిది? చచ్చింది ఇక్కడ కాదు. ఎక్కడో చచ్చాడు, తెచ్చి ఇక్కడ పడేశారు.

“ఏం దొరికింది మేడం?” రాజేశ్వర్ ఎప్పుడొచ్చాడో వెనకే ఉన్నాడు.

ఆమె గోరు చూపించింది.

“చెరుకు ఊరు గద,” అన్నాడతను నిట్టూర్చి. “ఏడ ముట్టినా తీపే.”

* * *

అంజవ్వ తలుపు సగమే తీసింది. డెబ్బై ఏళ్ళుంటాయి. చేతిలో చీపురు, తలకిందులుగా.

“నా నల్లా కట్ జేస్తందుకు అచ్చినవా? అయితె నన్ను దాటి పో.”

“మున్సిపాలిటీ దాన్ని కాదవ్వా. రాందాస్ ఎట్ల సచ్చిండో తెలుసుకునేటందుకు వచ్చిన.”

“నాకెర్కలేదు. పో.”

“నీ నల్లాకు పర్మిషన్ లేదని నాకెర్కే. ఎవ్వలకు చెప్ప. ఆ పిల్లగాడు నీ ఇంట్ల నీళ్ళు పట్టిండా లేదా, గది చెప్పు చాలు.”

చీపురు కిందికి దిగింది. తలుపు ఇంకొంచెం తెరుచుకుంది. రాజేశ్వర్ వెంట రాబోతే జ్యోతిరాణి గడపలోనే ఆపేసింది. “ఆడమనిషి ఇల్లు. మీరుండుండ్రి.”

పెరట్లో ఇత్తడి నల్లా. మూతి చుట్టూ మసి. నమూనా పట్టేముందు స్పిరిట్ దూది అంటించి నల్లా మూతిని కాల్చడం రాందాస్ పని పద్ధతి. కాల్చాడు. అంటే ఇక్కడ నీళ్ళు పట్టిన మాట నిజం.

“ఎట్లుండె ఆ రోజు నీళ్ళు?”

“ఎట్లుంటయ్, ఎప్పటిలెక్కనే. పాలు లేని సాయ తీరు ఎర్రగ. బెల్లం పాకం కంపు. రెండు వారాల సంది గట్లనే అస్తున్నయ్. ఈ గల్లీల ముగ్గురు దవాఖానల వడ్డరు. నా కోడలు ఇయ్యాలటికి లేస్తలేదు.” ముసలామె గొంతులో కోపం ఉంది, ఏడుపు లేదు. “ఎవ్వనికి సెప్పుకోవాలె? సెప్తె నల్లా పీక్కపోతరు. ఆ పిలగాడే మొదాలు అడిగిండు. సీసల పట్టి ఎండకు వెట్టి సూసి, మొకం మాడ్సుకున్నడు.”

“ఎన్ని గంటలకు?”

“నీళ్ళు బందయ్యే యాల్లకు. ఫోన్ జేసిండు ఎవ్వనికో. గోడకాడ నిలవడి.”

“ఏమన్నడు?”

అంజవ్వ కళ్ళు మూసుకుని, ఒక్కొక్క మాటా ఏరి ఇచ్చింది. “‘నేను రాయక తప్పది. సాయింత్రం దాక ఆగుత. నువ్వు గది బంద్ జెయ్యి. లేకుంటె ఊరి పేరే గాదు, నీ పేరు గూడ బయట వడ్తది’ అన్నడు. ‘ఉండు, నేనే అస్తున్న’ అని మోటర్‌సైకిల్ తీసిండు.”

“సార్ అన్నడా? మీరు అన్నడా?”

“లేదు బిడ్డా. నువ్వే అన్నడు.”

సర్కారు మనిషితో, పోలీసుతో రాందాస్ అలా మాట్లాడడు. జ్యోతిరాణి ఆ మాటను చిన్న నోటుబుక్కులో రాసి, కింద గీత గీసింది.

ఫోన్ మోగింది. హైదరాబాద్ ల్యాబ్ నుంచి శ్రీవాణి. రాందాస్ పంపే సీసాలను మూడేళ్ళుగా పరీక్షిస్తున్న అమ్మాయి.

“మేడం, మీరు అడిగిన పదో సీసా మళ్ళీ తీసి చూసిన. రెండు తేడాలున్నయి. రాందాసన్న చీటీలు పెన్సిల్‌తోనే రాస్తడు, ఐసులో సిరా కారిపోతదని. తొమ్మిదీ పెన్సిలే. పదోది పెన్ను. అంతా కారిపోయింది.”

“రెండోది?”

“సీసా అడుగున చిటికెడు తెల్లపొడి వేసి పంపుతం మేము. అది క్లోరిన్‌ను చంపేస్తది. లేకుంటె దారిలో ఆ క్లోరినే సూక్ష్మజీవులను చంపేసి, చెడ్డ నీళ్ళు కూడా మంచివే అన్నట్టు చూపిస్తది. అందుకే సీసాను కడగకుండనే పట్టాలె. తొమ్మిదింట్ల క్లోరిన్ సున్నా. పదోదాంట్ల ఉంది. అంటె పొడి పోయింది. ఎవరో సీసాను శుభ్రంగ కడిగి నీళ్ళు పట్టిండ్రు. రాందాసన్న సచ్చినా ఆ పని చెయ్యడు.” అన్నాక ఆమె ఏమన్నదో ఆమెకే తట్టి, “అయ్యో” అంది.

జ్యోతిరాణి అడిగింది. “శ్రీవాణీ, మీ దగ్గర అన్ని ఊర్ల లెక్కలు ఉన్నయి గదా?”

“ఉన్నయి. వరంగల్, కరీంనగర్, ఖమ్మం... ఇరవై ఏడు పట్టణాలు.”

“పదో సీసా నీళ్ళు మంచివా చెడ్డవా నాకొద్దు. ఫ్లోరైడు, నైట్రేటు, సున్నం అన్నీ చూడు. ఆ ఇరవై ఏడు ఊర్ల నల్లాలల్ల ఏ నల్లాతో కలుస్తయో చెప్పు. నీళ్ళకు గూడ వేలిముద్ర ఉంటది.”

“రెండు గంటలు పడ్తది మేడం.”

“గంటల చెయ్యి. ఇంకోటి. పెట్టె మీ దాక ఎవరి చేతుల మీదుగ వచ్చిందో గది గూడ చూడు.”

* * *

బయటికి వచ్చేసరికి గల్లీలో పోలీసు జీపు. సీఐ భానుప్రసాద్ వాల్వు గుంత పక్కన నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు, ఎస్సైగా ఉండగా, జ్యోతిరాణి దగ్గర వేలిముద్రలు తీయడం నేర్చుకున్నవాడు. ఆ సంగతి ఎవరైనా గుర్తు చేస్తే అతనికి గిట్టదు.

“మేడంగారు మళ్ళ డ్యూటీల చేరిండ్రా? నాకు ఆర్డర్ కాపీ రాలే.”

“మూసిన కేసు దగ్గరికి సీఐ గారికి ఏం పని?”

“మూసిన కేసును ఎవరో గెలుకుతున్నరంటె వచ్చిన. మూత తెరిచుంది. లోపల గాలి లేదు. దిగిండు, సచ్చిండు. ఇంత సాఫ్ కేసు నా సర్వీసుల లేదు.”

“ఏడూ ఇరవైకి మూత పెట్టే ఉంది. రాందాస్ దగ్గర గడ్డపార లేదు. గాడి తూర్పున ఉంటె, మూతను పడమట నుంచి పెకిలించిండ్రు. వచ్చి చూడుండ్రి, గీతలున్నయి. అంచుకు మొలాసిస్ ఉంది. మీ పంచనామాల చీమల మాట రాసిండ్రా? లేదు గదా. శవాన్ని తెచ్చి పడేసిండ్రు భానుప్రసాద్.”

భానుప్రసాద్ మూత వైపు చూడలేదు. హన్మండ్లు వైపు చూశాడు. తను ఏం చేసిందో జ్యోతిరాణికి అప్పుడు అర్థమైంది.

“మూత పెట్టిన అన్నడా?” సీఐ నెమ్మదిగా అన్నాడు. “నాకు తెరిచుందని దస్తకత్ పెట్టిండు. మీకు పెట్టిన అన్నడు. గడ్డపార వీనిది. శవాన్ని చూసింది వీడు. హత్యే అంటరు గదా మేడం, సరే, హత్యే. ఎక్కించుండ్రి వీన్ని.”

“గాడి ఎక్కడుందో వీనికి పదేళ్ళ సంది ఎరుక! పడమట నుంచి ఎందుకు పెకిలిస్తడు?”

“మనను తప్పుదోవ పట్టించేటందుకు.”

కానిస్టేబుళ్ళు ఇద్దరు హన్మండ్లు రెక్కలు పట్టుకున్నారు. అతను గింజుకుంటూ, పోలీసులను కాదు, జ్యోతిరాణిని తిట్టాడు. “నీ నోట్ల మన్నువడ! సెప్పు సెప్పు అంటివి, నమ్మి సెప్తిని! నా పిల్లల ఉసురు తాకుతది నీకు!”

అంజవ్వ గడపలోంచి అంతా చూసింది. జ్యోతిరాణి కళ్ళలోకి సూటిగా చూసి, ధడాలున తలుపు వేసుకుంది.

జ్యోతిరాణి జీపుకు అడ్డంగా వెళ్ళి నిలబడింది. “ఒక్క ప్రశ్న. ఆ రోజు ఐస్‌పెట్టెను జప్తు చేసిండ్రా?”

భానుప్రసాద్ గొంతు పెంచాడు. “పెట్టెకు, చావుకు ఏం సంబంధం? తొమ్మిదిన్నరకే పంపించేసిన.”

“ఎవరితోటి?”

“కోర్టుల అడుగుండ్రి.”

“పంచనామా లేదు, రసీదు లేదు. సాక్ష్యాన్ని చేతులార దాటించిండ్రు. అందుకే ఈ కోపం.”

“జరుగుండ్రి. లేకుంటె డ్యూటీకి అడ్డమొచ్చిండ్రని మిమ్మల్ని గూడ ఎక్కించుకుంట.”

ఆమె జరిగింది. మట్టి రేపుకుంటూ జీపు పోయింది. హన్మండ్లు గడ్డపార గల్లీ మధ్యలో పడి ఉంది.

* * *

ఒంటిగంట దాటింది. రాజేశ్వర్ కారు నడుపుతున్నాడు. బోధన్ దాటాక ఎడపల్లి రోడ్డుకు రెండువైపులా నిలువెత్తు చెరుకు. జ్యోతిరాణి ముందు సీట్లో, ఒళ్ళో నోటుబుక్కు తెరిచి పెట్టుకుని కూర్చుంది. అక్షరాలు కనబడటం లేదు. హన్మండ్లు తిట్లే చెవుల్లో మోగుతున్నాయి. నిజం రాబట్టి, నిజం చెప్పినవాణ్ణే జైలుకు పంపింది. సాయంత్రంలోగా అసలువాడి పేరు చేతిలో లేకపోతే స్టేషన్లో అతని చేత ఏమైనా ఒప్పిస్తారు.

“బాధపడకుండ్రి మేడం,” అన్నాడు రాజేశ్వర్. “దొంగ దొరికిండు గద. విమలకు చెప్తె ఆమె మనసు గూడ కుదుట పడ్తది. ఇగ ఈడితోటి వదిలేద్దాం.”

ఆమె జవాబు చెప్పేలోగా ఫోన్ మోగింది. శ్రీవాణి.

“మేడం, దొరికింది! పదో సీసా నీళ్ళు బోధన్‌వి కానే కావు. బోధన్ తొమ్మిది నల్లాల్లోనూ నైట్రేటు తక్కువ. దీంట్ల, హద్దు దాటకున్నా, బాగా ఎక్కువ, ఫ్లోరైడు ఎక్కువ. బోరు నీళ్ళు కలిసిన ట్యాంకు నీళ్ళు. మొత్తం పట్టికల ఒక్క నల్లాతోనే కలిసింది. నిజామాబాద్ ఆరో నల్లా. అచ్చుగుద్దినట్టు.”

“ఊఁ.”

“ఆ నల్లా రాందాసన్న మంగళవారం పట్టింది. చిరునామా చదువుతున్న, ఇంటి యజమాని పేరు విమలమ్మ.”

జ్యోతిరాణి ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. అద్దం అవతల చెరుకు వేగంగా వెనక్కి పోతోంది. విమలమ్మ ఆ రోజు భీమ్‌గల్‌లో ఉంది. ఇంట్లో ఆమె లేదు.

“పెట్టెతో వచ్చిన చీటీ గూడ దొరికింది. నిజామాబాద్ నమూనాల సెంటర్ల అప్పజెప్పిన టైము పదకొండూ ఇరవై. అప్పజెప్పినవారు... మృతుని బావ, రాజేశ్వర్. మేడం? వినబడుతోందా?”

తొమ్మిదిన్నరకు బోధన్‌లో బయలుదేరిన పెట్టె పదింబావుకు నిజామాబాద్ చేరాలి. గంటకు పైగా ఎక్కడుంది? ఆయన ఇంట్లో. ఆయన వంటింటి నల్లా కింద. సీసా కడిగాడు. నింపాడు. తడిసి చిరిగిన చీటీ స్థానంలో పెన్నుతో కొత్తది రాశాడు. ‘నువ్వు గది బంద్ జెయ్యి’ అని బావతో కాక ఇంకెవరితో అంటాడు రాందాస్?

“సరే అమ్మా,” అంది జ్యోతిరాణి. “రేపు మాట్లాడుదాం. ఏం తొందర లేదు.”

ఫోన్ ఒళ్ళో పెట్టేసి, నోటుబుక్కు చాటున బొటనవేలితో మెసేజ్ కొట్టింది. సాయం అడగడానికి మనసొప్పని ఒకే ఒక్క నంబరుకు. ‘రాజేశ్వర్. ఎడపల్లి. నేను అతని కారులో.’ పంపింది. భానుప్రసాద్ చూస్తాడో, నవ్వి పక్కన పడేస్తాడో.

ఎడపల్లి ఊరు ఇంకా రాకముందే కారు వేగం తగ్గింది. ఎడమకు తిరిగింది. తారు పోయి మట్టిబాట వచ్చింది. చెరుకాకులు రెండువైపులా అద్దాలను రాసుకుంటున్నాయి.

“నిజామాబాద్‌కు సీదా పోవాలె గద రాజేశ్వరన్నా?”

తలుపుల లాకులు నాలుగూ ఒక్కసారే టక్కుమన్నాయి. ఎదురుగా, చెరుకు మధ్య ఖాళీ చేసిన జాగాలో ఒక ట్యాంకర్ ఆగి ఉంది. వెనక అతని పేరే రాసి ఉంది. దాని గొట్టం కింద పెద్ద గుంట, అంచుల దాకా నల్లటి మడ్డి. గుంట పక్కనుంచే, సగం బయటపడి, పాత క్వార్టర్ల వైపు పోయే నీళ్ళ పైపు. పైపు అవతల, చెరుకులో పడేసి ఉన్న మోటార్‌సైకిల్.

రాజేశ్వర్ బండి ఆపి, ఇంజిన్ బంద్ చేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పొద్దున్నుంచీ మొదటిసారి ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. కళ్ళలో ఎరుపు అలాగే ఉంది. అది ఏడుపు ఎరుపు కాదని ఇప్పుడు తెలిసింది.

“ఏ ఇంటి నల్లా అన్నది మేడం, ఆ పిల్ల?”